ఆయత్‌ల లెక్క, అల్లాహ్ వాణి

 

ఇటీవల నమాజు ముగిశాక ఒక విద్యార్థి నా వద్దకు వచ్చాడు. "హజ్రత్! ఖుర్ఆన్‌లో 6666 ఆయత్‌లున్నాయని మా నానీ చెప్పేది. ముస్‌హఫ్‌లో లెక్కిస్తే 6236 వచ్చాయి. మిగిలినవి ఏమయ్యాయి?" అని అడిగాడు. అతని కంఠంలో భయం ధ్వనించింది. అటువంటి ప్రశ్నను గద్దించి అణచరాదు. దానికి చరిత్రలో సమాధానముంది.

ఖుర్ఆన్ దాదాపు 23 సంవత్సరాల కాలంలో అవతరించింది. ఆయత్‌లు అవతరించినప్పుడు దైవప్రవక్త (స) లేఖకులను పిలిచి, వాటిని ఫలానా సూరాలో చేర్చమని ఆదేశించేవారని హజ్రత్ ఉస్మాన్ (రజి) తెలిపారు. వారు ప్రతి ఆయత్ వద్ద ఆగి పఠించేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. సహాబాలు విని నేర్చుకున్నారు. వారి శిష్యపరంపరలు మదీనా, మక్కా, కూఫా, బస్రా, షామ్‌లలో విస్తరించాయి. ఆయత్ ఎక్కడ ముగుస్తుందన్న విషయంలో కొన్నిచోట్ల వారి లెక్కలు వేరయ్యాయి. పదాలు మాత్రం అవే.

సూరె ఫాతిహానే చూడండి. కూఫా, మక్కా విద్వాంసులు బిస్మిల్లాహ్‌ను మొదటి ఆయత్‌గా లెక్కించారు. ఇతరులు దానిని లెక్కించక, చివరి ఆయత్‌ను 'అన్ అమ్‌త అలైహిమ్' వద్ద రెండుగా విభజించారు. ఇరువురి లెక్కలోనూ ఆయత్‌లు ఏడే! మన ముస్‌హఫ్‌లలోని 6236 కూఫా వారి లెక్క. 6666 అన్నది ఈ కేంద్రాలలో దేని లెక్కా కాదు. అది జనం నోట నిలిచిపోయిన సంఖ్య మాత్రమే.

ముప్పై పారాలు, రుకూలు పఠన సౌలభ్యం కోసం తరువాత ఏర్పడ్డాయి. మన దేశపు ముస్‌హఫ్‌ల అంచున కనిపించే 'ఐన్' అక్షరం రుకూకు గుర్తు. అయిదవ పారా సూరె నిసా మధ్యలో, వివాహ నిషేధాల ప్రస్తావన ముగియకముందే మొదలవుతుంది. కనుక పారా పూర్తయిందని ముస్‌హఫ్ మూసేవారు, విషయం పూర్తయిందా అని కూడా చూసుకోవాలి.

సోదరులారా! ఆ బాలుడు ఆయత్‌లు లెక్కపెట్టాడు. మనలో ఎందరం కనీసం ముస్‌హఫ్ తెరుస్తున్నాం? అల్లాహ్ మనకు తన గ్రంథాన్ని పఠించి, గ్రహించి, ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.