అంతర్వేశనం, ప్రక్షిప్తం

ఇంగ్లీషువాళ్ల ‘ఇంటర్పొలేషన్’కు తెలుగులో రెండు మాటలున్నాయి. కవి రాయని పద్యాన్ని తర్వాతివాళ్లు కావ్యంలో చొప్పిస్తే ప్రక్షిప్తం. తెలిసిన విలువల నడుమ తెలియని విలువను లెక్కగట్టి పూరిస్తే గణితంలో అంతర్వేశనం. మొదటిది నింద, రెండోది విద్య. ధాతువులు చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. ‘క్షిప్’ అంటే విసరడం, ‘విశ్’ అంటే లోపలికి వెళ్లడం.

నంద్యాల, ఆళ్లగడ్డల భూసార పటానికి ఈ తేడా ప్రాణం. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ లోయ. కొండవారన ఎర్రనేల, ఏటి వైపు నల్లరేగడి. మట్టి నమూనా కోసం చేలో పైచెత్త తీసి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తవ్వి, అంచు మట్టి చెక్కుతారు. అలా ఎనిమిది, పది చోట్ల తీసింది కలిపి, అరకిలో మిగిల్చి నీడన ఆరబెడతారు. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డుల పథకం మాగాణిలో 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీయమంది. నమూనా తీయని నేలకు పటంలో పడే విలువ లెక్కలోంచి రావాల్సిందే.

డొనాల్డ్ షెపర్డ్ 1968లో చెప్పిన పద్ధతిలో దగ్గరి నమూనా మాట ఎక్కువ చెల్లుతుంది, దూరపుది తక్కువ. ఎంత తక్కువన్నది మనమే ముందు పెట్టుకుంటాం. దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు డానీ క్రిగ పేరు మీదున్న క్రిగింగ్ ఆ సంగతి నమూనాలనే అడుగుతుంది: మీ పోలిక ఎంత దూరం సాగుతుంది? బంకమన్ను పాలు దూరం దాకా మెల్లగా మారవచ్చు. భాస్వరం మాత్రం రైతు వేసిన ఎరువును బట్టి గట్టు దాటగానే మారిపోవచ్చు. పైగా క్రిగింగ్ ప్రతి అంచనా పక్కన ఎంత తప్పు ఉండవచ్చో చెబుతుంది. నమూనాలు మరీ తక్కువైతే దాని పోలిక లెక్కా నిలవదు. అందుకే ఒక్కో నమూనాను దాచి, మిగతావాటితో దాని విలువ కట్టించి, ఏ పద్ధతి తక్కువ తప్పిందో చూస్తారు.

మంచి పరిష్కర్త అనుమానమున్న పద్యానికి గుర్తు పెడతాడు. పటం గీసేవారికీ అదే ధర్మం. కొలిచిన చోట చుక్క, లెక్కగట్టిన చోట దోషపు అంచనా కనిపించాలి. అవి దాచి అంతటా ఒకే ధీమాతో రంగు పూస్తే, సూత్రం ఎంత గొప్పదైనా, ఆ పటం చూసి జింకు సల్ఫేటు బస్తా కొనే ఆళ్లగడ్డ రైతు చేతికి అందేది ప్రక్షిప్తమే.