చార్మినార్‌కు ఏ స్టేషన్‌లో దిగాలి?



ఊళ్ల నుంచి వచ్చే మెహమాన్లు తప్పక అడిగే సవాల్ ఇది. చెన్నైకి పోయే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ, చార్మినార్ దగ్గర రైల్వే స్టేషన్ లేదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. ఖర్చు భారం నిజాం రియాసత్‌ది, దౌడ్‌ధూప్ దీవాన్ మొదటి సాలార్‌జంగ్‌ది. అంగ్రేజులకు కావాల్సింది మాత్రం కంటోన్మెంట్‌కు ఫౌజ్ త్వరగా చేరడం. అందుకే పట్టాలు అటే పోయాయి. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు కట్టారు. మూడూ మూసీకి అవతలే.

ఇవతల అసలేమీ లేదని కాదు. డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమాల్లో ఎంఎంటీఎస్ ఆగుతుంది. కానీ ఆ లైన్ షహర్ కినారా పట్టుకుని పోతుంది. హుస్సేనీ ఆలం, శాలిబండ వాళ్లు స్టేషన్‌కు పోవాలంటే ముందు ఆటో కిరాయి తీయాల్సిందే. దవాఖానాకు పోయే బుజుర్గులకూ, కాలేజీకి పోయే మన ఆడపిల్లలకూ ఇది రోజూ ఉండే తక్లీఫ్.

2017లో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. ఫలక్‌నుమా దాకా రావాల్సిన అయిదున్నర కిలోమీటర్లు మిగిలిపోయాయి. మళ్లీ మూసీయే సర్హద్దయింది! ఆ లైన్‌కు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. రోడ్డు వెడల్పు కోసం పుష్తైనీ ఇళ్లూ, దుకాణాలూ వదులుకోవాల్సిన వాళ్ల దర్ద్ కూడా ఈ లెక్కలో ఉంది.

ఆ దారి పక్కనే దాయిరా మీర్ మోమిన్. సాలార్‌జంగ్ దఫన్ అయింది అక్కడే. రియాసత్‌కు రైలు తెచ్చిన మనిషి పక్క నుంచి రైలు పోవడానికి నూటయాభై ఏళ్లు దాటాయి, ఇంకా ఇంతెజారే. ఇన్షా అల్లాహ్, ఒకరోజు మెట్రో దిగి నడిచిపోయి ఆయనకు ఫాతిహా చదువుదాం.