అతికించే టైరా, విప్పుకునే టైరా? – గాలి చక్రం కథ

రేపల్లెలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రుడొకరు ఈమధ్య నా దగ్గరకు ఒక సందేహంతో వచ్చారు. ఆయన వయస్సు 62. పదేళ్లుగా మధుమేహం ఉంది. రోజూ తెల్లవారుజామున సైకిలు తొక్కాలని నిశ్చయించుకున్నారు. బెంగళూరులో ఉన్న కుమారుడు వాడిన రోడ్డు బైకు ఒకటి బేరం చూశాడు. బండి చాలా తేలిక, కానీ దాని చక్రాలకు ఉన్నవి ‘ట్యూబులర్’ టైర్లు. కొందరు అవే మేలన్నారు, మరికొందరు ‘క్లించర్’ టైర్లున్న బండే కొనమన్నారు. “డాక్టరు గారూ, మీరేమంటారు?” అని అడిగారు.

టైర్ల సంగతి వైద్యుణ్ణి అడగటమేమిటని మొదట నవ్వుకున్నాను. తరువాత, గాలి టైరును సైకిలుకు తొడిగినవాడూ ఒక వైద్యుడేనన్న సంగతి గుర్తుకొచ్చింది. కాకపోతే ఆయన పశువైద్యుడు. ఆ చరిత్ర తెలిస్తే మిత్రుని ప్రశ్నకు సమాధానం అందులోనే దొరుకుతుంది.

1860ల నాటి సైకిళ్లకు చెక్క చక్రాలు, వాటిపై ఇనుప పట్టాలు ఉండేవి. రాతిబాటపై తొక్కితే ఒళ్లు హూనమయ్యేది. అందుకే ఇంగ్లండులో జనం వాటికి ‘బోన్ షేకర్’, అంటే ఎముకలను కుదిపేది అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1845లో, స్కాట్లండు ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు. అది గుర్రపు బండ్ల కోసం. లోకం దాన్ని పట్టించుకోలేదు. నలభై ఏళ్ల తరువాత బెల్‌ఫాస్టులో పశువైద్యం చేస్తున్న జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ పేటెంటు ముందే ఉన్నందున అది తరువాత చెల్లకుండా పోయింది గాని, గాలి టైరు మాత్రం నిలిచింది. 1889లో బెల్‌ఫాస్టు పందేల్లో విలియం హ్యూమ్ అనే సైకిలిస్టు ఈ టైర్లతో వరుసగా గెలవడంతో దాని సత్తా అందరికీ తెలిసింది.

అయితే డన్‌లప్ టైరులో ఒక లోపం ఉంది. దాన్ని గుడ్డతో చుట్టి, రబ్బరు సొల్యూషనుతో రిమ్ముకు అతికించేవారు. ముల్లు గుచ్చుకుంటే అదంతా ఊడదీసి, అతుకు వేసి, మళ్లీ అతికించి ఆరబెట్టాలి. గంటల తరబడి పని. ఈ చిక్కును విప్పడానికే 1890లో రెండు పేటెంట్లు వచ్చాయి. చార్లెస్ వెల్చ్ టైరు అంచుల్లో తీగ పెట్టాడు. విలియం బార్ట్‌లెట్ అంచులను రిమ్ము వంపులోకి దూరి పట్టుకునేలా మలిచాడు. క్లించర్ అన్న పేరు ఈ రెండవ పద్ధతితో వచ్చింది. నేటి క్లించర్‌లో వెల్చ్ తీగా ఉంది, బార్ట్‌లెట్ పట్టూ ఉంది. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు విప్పి తొడగగల టైరు తెచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో దాదాపు 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెర్రోఁ దానితోనే, సుమారు 71 గంటల్లో, మొదటివాడుగా వచ్చాడు. దారిలో విప్పి బాగుచేసుకోగల టైరు ఎంత విలువైనదో ఆ పందెం చాటింది.

అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. పందెగాళ్లు అతికించే పద్ధతినే మెరుగుపరుచుకున్నారు. పలుచని ట్యూబు చుట్టూ నూలు లేక పట్టు దారాల పొరను కుట్టి, రిమ్ముకు జిగురుతో అతికించేదే ట్యూబులర్. రిమ్ముకు అంచులు అక్కరలేదు గనుక చక్రం తేలిక. గాలి పోయినా, జిగురు బాగున్నంతవరకు టైరు ఊడిపోదు. పాత కాలపు టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులు అదనపు టైర్లను భుజాల చుట్టూ జందెంలా వేసుకుని తొక్కేవారు. ఇప్పుడు వారి వెనుక కార్లలో మెకానిక్కులు, సిద్ధం చేసిన చక్రాలు వస్తాయి. సామాన్యుడి వెనుక ఎవరు వస్తారు? అందుకే సామాన్యుడు విప్పుకునే టైరునే ఎంచుకున్నాడు.

మన దేశానికి పెద్దయెత్తున వచ్చిందీ అదే. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం మొదలైంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వెలసి, హెర్క్యులిస్ సైకిళ్లు తయారుచేసింది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో పాల క్యాన్లు మోసినదీ, తపాలా బంట్రోతును ఊరూరా తిప్పినదీ, మలేరియా సిబ్బందిని కాలువ గట్ల వెంట మాలపల్లెల దాకా చేర్చినదీ 28 × 1½ టైర్ల సైకిలే. అది వెల్చ్ తీగ టైరుకు వారసురాలు.

మన నేలకు అది ఎందుకంత నప్పిందో చూడండి. కాలువ గట్ల మీద నల్లతుమ్మ, సర్కారు తుమ్మ ముళ్లు. బాపట్ల ఇసుక నేలల్లో పల్లేరు కాయలు. పంక్చరు పడని వారం ఉండేది కాదు. చెట్టు కింద గాలిపంపు, నీళ్ల పళ్లెం, గరుకు కాగితం, సొల్యూషను పెట్టుకుని కూర్చున్న మనిషి ట్యూబును నీటిలో ముంచి బుడగ వచ్చేచోటు కనిపెట్టి, పది నిమిషాల్లో అతుకు వేసి పంపేవాడు. ట్యూబులర్ అయితే కుట్లు విప్పాలి, అతుకు వేయాలి, మళ్లీ కుట్టాలి, జిగురు రాయాలి, ఒక రోజు ఆరనివ్వాలి. పైగా మన తీరపు చెమ్మకు నూలు పొర పాడవుతుంది, ఎండకు జిగురు మెత్తబడుతుంది.

జిగురు పట్టు తప్పితే ఏమవుతుందో 2003 టూర్ డి ఫ్రాన్స్‌లో లోకం చూసింది. ఎండకు తారు కరిగిన దిగుడు రోడ్డుపై హోసెబా బెలోకి చక్రం జారి, వెనుక టైరు రిమ్ము నుంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. ఆయన నిండు యౌవనంలో ఉన్న క్రీడాకారుడు. అరవై దాటినవారికి తొడ ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో వార్డుల్లో చూసినవాణ్ణి.

నా మిత్రుని విషయంలో నేను ఎక్కువగా భయపడింది మాత్రం పడిపోవడం గురించి కాదు, నడక గురించి. రేపల్లె నుంచి బాపట్ల వైపు పోయే దారిలో, తెల్లవారకముందు, ట్యూబులర్‌కు ముల్లు దిగిందనుకోండి. విడి టైరు లేకపోతే బండిని నడిపించుకుంటూ రావాలి. రోడ్డు బైకు బూట్ల అడుగు చెక్కలా బిగుసుగా ఉంటుంది, నడకకు పనికిరాదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. ఆ బొబ్బ పుండై, చీము పట్టి, చివరకు వేలో పాదమో తీసివేయవలసిన స్థితికి రావచ్చు. మందులు వేసుకుని, ఏమీ తినకుండా ఆలస్యమైతే చక్కెర పడిపోయే ప్రమాదం వేరే.

ట్యూబులర్ చెడ్డదని నేననను. వెంట సహాయకులున్న పందెగానికి అది దశాబ్దాలపాటు మేలు చేసింది. కానీ ఇప్పుడు ఆ పందెగాళ్లే చాలామంది దాన్ని వదిలి, ట్యూబు లేని టైర్లకు మారారు.

అందువల్ల ఆయనకు చెప్పినది ఇది: క్లించర్ చక్రాల బండే తీసుకోండి. టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. గాలి మరీ బిగ్గరగా కొట్టకండి, చేతులు తిమ్మిరెక్కుతాయి. మన పాత 28 అంగుళాల టైరు, రోడ్డు బైకు టైరు ఒకదానికొకటి సరిపోవు గనుక అదనపు ట్యూబు, అతుకుల డబ్బీ, రెండు టైరు లివర్లు, చిన్న పంపు వెంట ఉంచుకోండి. మామూలు పెడళ్లు, మెత్తని బూట్లు, మేజోళ్లు వాడండి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు వేసుకోండి. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి.

ఆయన ఆ బండి వద్దని కుమారునికి చెప్పారు. ఇప్పుడు క్లించర్ టైర్ల బండి వచ్చింది. మొదటి వారంలోనే వేమూరు దాటాక తుమ్మముల్లు దిగిందట. పావుగంటలో తానే అతుకు వేసుకుని ఇంటికి వచ్చి, ముందు అరికాళ్లు చూసుకుని, తరువాత నాకు ఫోను చేశారు.