తూము దగ్గర ఎవరున్నారు?

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళం రోజూ అనే మాట ట్యాంక్ బండ్. ట్యాంక్ అంటే చెరువు, బండ్ అంటే కట్ట. పారశీకం నుంచి హిందుస్తానీలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట ఈ బండ్. ఇంగ్లండ్‌లో ఇవాళ పెట్రోలు ట్యాంకుల చుట్టూ కట్టే గోడని కూడా బండ్ అనే అంటారు. మన ఆయిల్ డిపోల్లో డైక్ అంటారు. పేరేదైనా పని ఒకటే: ట్యాంకు పగిలినా, పొంగినా సరుకు బయటికి పోకుండా ఆపడం.

లెక్క కూడా తేలికే. గోడ లోపలున్న వాటిలో అన్నిటికంటే పెద్ద ట్యాంకు మొత్తం ఒలికిపోయినా ఆ చోటు పట్టాలి. బ్రిటన్‌లో ఇంకో పది శాతం కలిపి 110 అంటారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఇలాంటి లెక్కంటే ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ మూడు ప్రమాదాల దర్యాప్తు వివరాలు వరసగా చదివాక, అసలు చరిత్ర గోడ కొలతల్లో లేదు, గోడలోని బెజ్జాల్లో ఉంది అనిపించింది.

బెజ్జం ఎందుకంటే, వాన. పైకప్పు లేని గోడల మధ్య నీళ్ళు నిలుస్తాయి. వదిలెయ్యకపోతే నూనె కోసం ఉంచిన చోటుని అవే ఆక్రమిస్తాయి. అందుకని గోడలో ఒక గొట్టం, దానికో వాల్వు. అది ఎప్పుడూ మూసే ఉండాలి. వాన వెలిశాక ఒక మనిషి వెళ్ళి, నీళ్ళ మీద నూనె తెట్టు లేదని చూసుకుని, తెరిచి, మళ్ళీ మూసి, పుస్తకంలో రాయాలి. అమెరికా 1973లో తెచ్చిన నూనె ఒలుకుల నివారణ నియమాల్లో ఈ మాట ఉంది. అంటే వాల్వు తెరిచి మరిచిపోతారన్న భయం కొత్తదేం కాదు.

1988 జనవరి 2. పెన్సిల్వేనియాలో మొనాంగహీలా నది ఒడ్డున, ఫ్లోరెఫ్ అనే చోట ఆష్‌లాండ్ కంపెనీ ట్యాంకు మొదటిసారి నిండా నింపుతుండగా నిలువునా చీలిపోయింది. నిజానికి అది నలభై ఏళ్ళ పాతది. క్లీవ్‌లాండ్‌లో వాడినదాన్ని విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ అతికించారు. నిండా నీళ్ళు పోసి పరీక్షించలేదు. ఉక్కులో చిన్న లోపం, దానికి తోడు చలి. దాదాపు 39 లక్షల గ్యాలన్ల డీజిల్ ఒక్కసారిగా బయటికి దూకింది. గోడ చాలావరకు ఆపింది. కానీ లెక్కలో నూనె కదలకుండా ఉంటుంది, ఆ రోజు వచ్చింది మాత్రం అల. గోడ దాటిన డీజిల్ పక్క స్థలంలో పడింది. అక్కడ మూత లేని వాన కాలువ ఒకటి నేరుగా నదిలోకి ఉంది. సుమారు ఏడున్నర లక్షల గ్యాలన్లు ఆ దారినే పోయాయి. మూడు రాష్ట్రాల్లో పది లక్షల మంది దాకా తాగేనీళ్ళకి ఇబ్బంది పడ్డారు.

రెండోది ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపో, 2005 డిసెంబర్ 11, ఆదివారం. 912వ నంబరు ట్యాంకులోకి పైప్‌లైన్ పెట్రోలు వస్తోంది. తెల్లవారుజామున మూడింటప్పుడు మట్టం చూపించే గేజీ ఒక అంకె దగ్గర ఆగిపోయింది. పెట్రోలు ఆగలేదు. ఇలాంటప్పుడు కాపాడటానికే విడిగా పెట్టిన స్విచ్ ఒకటి ఉంది. దాని మీటకి ఒక తాళం వేసి ఉంచాలి. ఆ తాళం ఎందుకో బిగించినవాళ్ళకి తెలియలేదు, వెయ్యలేదు, స్విచ్ పని చెయ్యలేదు. రెండున్నర లక్షల లీటర్లకి పైగా పెట్రోలు పొంగిపోయింది. 6:01కి ఆవిరి మేఘం పేలింది. 43 మందికి గాయాలయ్యాయి. తెల్లారని ఆదివారం కాబట్టి ఎవరూ చనిపోలేదు.

సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా నన్ను ఆపేసిన వివరం ఇంకొకటి. ఆ గేజీ అంతకుముందు మూడున్నర నెలల్లో 14 సార్లు అలాగే ఆగింది. కొన్నిసార్లు దాన్ని కదిపి పని నడిపించారు. కంట్రోల్ రూమ్‌లో తెర ఒక్కటే. ఆ రాత్రి 912 కిటికీ వేరే కిటికీల వెనక ఉండిపోయింది. రోజూ మోగే అలర్ట్‌ని మ్యూట్‌లో పెట్టే ఆఫీసుల్లో పనిచేసే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక గోడ. మంటలు ఆర్పడానికి పోసిన నీళ్ళూ నురగా ఇంధనంతో కలిసి బండ్‌లలో నిలిచాయి. కాంక్రీటు అతుకుల్లోని పూత మంటకి పోయింది, గోడలోంచి పైపులు దూరే చోట్లా కారింది. ఆ మురికి బయటికి పారి, నేలలోకి దిగి, కింది సుద్దరాయి పొరల్లోని భూగర్భ జలాన్ని చేరింది.

మూడోది మన దేశంలోనే. 2009 అక్టోబర్ 29 సాయంత్రం, జైపూర్ సీతాపురాలోని ఇండియన్ ఆయిల్ టెర్మినల్. ట్యాంకు నుంచి పెట్రోలు పంపడానికి లైన్ సిద్ధం చేస్తుండగా లీకు మొదలైంది. దగ్గరున్నవాళ్ళని ఆవిరి కమ్మేసింది. దూరం నుంచి ఆ వాల్వుని మూసే ఏర్పాటు పనిచెయ్యడం లేదు. గంటకి పైగా పెట్రోలు పారింది, తర్వాత అంటుకుంది. పదిమందికి పైగా చనిపోయారు. మంటలు పదకొండు రోజులు మండాయి. డైక్ ఉంది. అందులో వాన నీళ్ళు వదిలే వాల్వు తెరిచి ఉంది. పెట్రోలు అందులోంచి బయటి వాన కాలువలోకీ వెళ్ళింది.

“వాల్వు తెరిచి ఉంది.” ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాను. ఇందులో మనిషి లేడు. ఇంగ్లీషు రిపోర్టుల కర్మణి ప్రయోగాన్ని వెక్కిరిస్తాం కానీ, తెలుగూ తక్కువ తినలేదు. తెరిచి ఉంది, పగిలిపోయింది, అంటుకుంది. కర్త అవసరం లేకుండానే ఎంత పెద్ద ప్రమాదాన్నయినా చెప్పెయ్యొచ్చు. ఆ తర్వాత వచ్చిన మన నియమాల్లో, డైక్ వాల్వు తెరుచుకుంటే కంట్రోల్ రూమ్‌లో తెలియాలి, అలారం మోగాలి అన్నారు. మంచిదే. కానీ బన్స్‌ఫీల్డ్‌లో తెర ఉంది, గేజీ ఉంది, విడిగా స్విచ్చూ ఉంది.

మన ఊళ్ళ చెరువు కట్టకీ బెజ్జం ఉండేది. దాని పేరు తూము. దాన్ని తెరిచీ మూసీ నీళ్ళు పంచడానికి ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. ఆ రోజులు బంగారమని నేననను. అది చాలాచోట్ల కులాన్ని బట్టి మీద పడిన పని, దక్కేదీ అంతంత మాత్రమే. కానీ తూము తెరిచి ఉందంటే ఎవరిని అడగాలో ఊరందరికీ తెలుసు. అంతకంటే ముఖ్యం, తూములో నీళ్ళు తేడాగా పోతున్నాయని నీరటి చెబితే ఊరు వినేది. ఎందుకంటే ఆ నీళ్ళు అందరివీ.

డిపోలో వాన వెలిశాక వాల్వు దగ్గరికి వెళ్ళే మనిషికి ఆ రెండోది ఉందా? గేజీ పదిహేనోసారి ఆగితే, “పంపింగ్ ఆపండి, దీని సంగతి తేలాకే మళ్ళీ మొదలుపెడదాం” అనగలడా? అంటే వింటారా? గోడ ఎత్తు ఎంతుండాలో నియమాల్లో మీటర్లలో రాసి ఉంటుంది. ఈ ప్రశ్నకి మాత్రం ఏ డ్రాయింగులోనూ కొలత కనబడదు.