పూటకూటి యిల్లు

అన్నమును వెలకమ్ముట నేటి నగరములు తెచ్చిన యనాచారమని మన పెద్దలలో పలువురు తలంతురు. బస్తీ హోటలులో తినువాడు ఇంటి మర్యాద మఱచినవాడని వారి యభిప్రాయము. ఈ మాట చరిత్ర యెదుట నిలుచునా యని విచారింతము.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున కాకతీయుల యోరుగల్లు వర్ణింపబడినది. అందు ఇరువురు మిత్రులు పురమెల్ల దిరుగుచు పూటకూటి యింటి ప్రస్తావన తెత్తురు. ఒక్క రూకకు అచ్చట సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు దొరకెడివట! డబ్బిచ్చి భుజించుట మన పూర్వులకు వింత గాదని దీనిచే స్పష్టము.

తరువాతి కాలమున ఈ వృత్తి కొందఱు వితంతువులకు జీవనాధార మయ్యెను. గురజాడవారు 1909లో విస్తరించి ప్రకటించిన కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను చదివి మనము నవ్వుకొందుము. కాని ఒంగోలులో భర్తను గోల్పోయిన సుబ్బమ్మగారు పూటకూళ్లు పెట్టియే బిడ్డలను పెంచిరి. ఆమె కుమారుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులు. పూటకూళ్లమ్మ యనగానే నవ్వువారు ఆ తల్లి చేతి గరిటెను గూడ తలచుకొనవలెను.

అయినను ఆ భోజనమునకు పంక్తిభేదమను దోష ముండెను. రైళ్లు వచ్చి పట్టణములు పెరిగి హోటళ్లు వెలసిన పిమ్మటను, కొన్నిట బ్రాహ్మణులకు వేఱు గది యుండెడిది. అంటరానివారనబడిన వారికి చేత డబ్బున్నను లోన చోటు దొరకకుండెడిది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున, దుకాణములందును భోజనశాలలందును కులమతాది భేదములచే నెవ్వరిని అడ్డగింపరాదని శాసించెను. 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసెను. 1955 నాటి చట్టము దానిని శిక్షార్హము గావించెను.

మద్యశాలను నేను భోజనశాలతో నొకగాట గట్టను. నెల్లూరు సీమలో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన యుద్యమము 1995లో మద్యనిషేధమునకు దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలినను, ఆ తల్లుల కన్నీరు అసత్యము గాదు. హోటలు మాట వేఱు. అచ్చట రుచి తగ్గవచ్చును, వెల హెచ్చవచ్చును. కాని బల్లయొద్ద కూర్చున్నవానిని నీ కులమేమని సాధారణముగా నెవ్వరు నడుగరు. వేయేండ్ల పంక్తిభేదమును ఆ బల్ల కొంతయైనను చెఱిపినది. ఆ యొక్క గుణమునకై దాని తక్కిన లోపములను నేను మన్నింతును.

ఇట్లుండగా కొన్ని గ్రామముల టీకొట్లలో కొందఱికి వేఱు గ్లాసు పెట్టు దురాచారము ఇటీవలి వఱకును కనబడుచు వచ్చినది. కావున బస్తీ హోటలును నిందింపదలచిన పెద్దలు ముందుగా తమ యూరి టీకొట్టు కడకుబోయి, అచ్చటి గ్లాసులు ఒక్క తీరున నున్నవో లేవో చూచి రావలెనని నా మనవి.