నసీబ్ కాదు, నీళ్లు

గారపట్టిన పళ్లు, వంగని నడుములు. మన బుజుర్గుల్లో చాలామంది దీన్ని నసీబ్ అనుకుని సబర్ చేశారు. నేను తారీఖ్ తిరగేస్తే వేరే జవాబు దొరికింది.

1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే ఇవాళ్టి ప్రకాశం వైపు, ఈ బీమారీని పరిశీలించి తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని రాశారు. 1945 నాటికి నిజాం రియాసత్‌లోనూ ఈ సంగతి రాతకెక్కింది.

నల్లగొండ కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ మెల్లగా భూగర్భ జలంలో కలుస్తుంది. చెరువులు ఎండి బోర్లే దిక్కయ్యాక చాలా ఊళ్లకు ఆ జహరే తాగునీరైంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు పిల్లల పళ్లకు మచ్చలొస్తాయి. మోతాదు బాగా పెరిగి ఏళ్లు గడిస్తే కీళ్లు బిగుస్తాయి. రుకూకు నడుం వంగదు, సజ్దాకు మోకాలు మడవదు.

1970ల్లో నాగపూర్ నీరీ సైంటిస్టులు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే తరీఖా కనిపెట్టి 'నల్లగొండ టెక్నిక్' అన్నారు. ఆ పేరు దునియా చుట్టింది. నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. ఈలోగా వంగిపోయిన ఎముకలు మళ్లీ నిటారు కావు.

అందుకే నా గుజారిష్: మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే, బచ్చాల కోసమైనా ఒకసారి టెస్టు చేయించండి.