కదలని బొమ్మలు, తక్కువ కొటేషన్

2025 సెప్టెంబర్లో మా మేనల్లుడు నన్ను 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' సినిమాకి లాక్కెళ్ళాడు. తెలుగు డబ్బింగ్ కూడా ఉంది కాబట్టి తప్పించుకోడానికి భాష సాకు దొరకలేదు. కత్తులు తిప్పేటప్పుడు తెర మొత్తం సుడిగుండంలా తిరిగిపోతోంది. అంతలో ఎవడికో పాత సంగతులు గుర్తొస్తాయి. అంతే, ఒళ్ళు కదలదు, మొహం కదలదు, పెదాలు మాత్రం తెరుచుకుని మూసుకుంటాయి. వెనకాల గాలికి జుట్టు ఊగుతూ ఉంటుంది.

"ఏంట్రా, మనిషి బిగుసుకుపోయాడు?" అన్నాను ఇంటర్వెల్లో.

"అది స్టైల్ మావయ్యా."

"కాదురా, అది బడ్జెట్" అన్నాను. ఏదో ఇరవయ్యేళ్ళు ప్రాజెక్టులు చేసిన అనుభవంతో అనేశాను గానీ, ఇంటికొచ్చి చదివితే ఇద్దరం కరెక్టేనని తేలింది. బడ్జెట్ కాస్తా స్టైల్ అయిన వైనం చాలా ఆసక్తిగా ఉంది.

ముందు కాస్త లెక్క. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. డిస్నీ వాళ్ళ పాత సినిమాల్లో సెకనుకి 12 నుంచి 24 దాకా బొమ్మలు గీసేవారు. ఆ పాత్రలు నీళ్ళలో చేపల్లా కదిలేది అందుకే. జపాన్లో 1956లో మొదలైన తోయె స్టూడియో కూడా తూర్పు దేశాల డిస్నీ అవ్వాలన్న పట్టుదలతోనే మొదలైంది. 1958లో వాళ్ళు తీసిన 'హకుజాడెన్' చూడండి, కదలికలో ఎక్కడా పిసినారితనం కనపడదు.

ఇక్కడ టెజుకా ఒసాము వస్తాడు. డాక్టరీ చదివి మాంగా బొమ్మలు గీసుకుంటూ దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. తోయె వాళ్ళతో కలిసి ఒక సినిమాకి పనిచేసి, తర్వాత సొంతంగా ముషి ప్రొడక్షన్ అనే స్టూడియో పెట్టాడు. తన మాంగా హీరో, రోబో కుర్రాడు ఆటమ్‌ని టీవీకి తేవాలని సంకల్పం. వారానికి ఒక అరగంట ఎపిసోడ్. పాతిక నిమిషాల కథకి సెకనుకి 12 బొమ్మలు వేసుకున్నా 18,000 బొమ్మలు. వారానికి! ఉన్న జనంతో అది అయ్యే పని కాదు. దాంతో ఎపిసోడ్‌కి రెండువేల బొమ్మల దరిదాపుల్లో సరిపెట్టాలని కూర్చున్నారు. మన భాషలో చెప్పాలంటే ఎస్టిమేట్‌ని తొమ్మిదో వంతుకి కోసి, డెడ్‌లైన్ మాత్రం కదపకుండా ఉంచారన్నమాట.

మరి ఎలా చేశారు? ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు పట్టి ఉంచారు, అంటే సెకనుకి 8 బొమ్మలే. పాత్ర మాట్లాడుతుంటే తల గీసిన షీటు అలాగే ఉంచి నోరు ఒక్కటే మార్చారు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు, ఆ మూడిటితోనే సంసారం. పరిగెత్తే మనిషి కాళ్ళు గీయకుండా నడుము పైభాగం చూపించి వెనకాల సీను జరిపారు. ఆటమ్ ఎగిరే బొమ్మలు ఒకసారి గీసి దాచిపెట్టి వేరే ఎపిసోడ్లలో మళ్ళీ వాడారు. దీన్ని వాళ్ళు 'బ్యాంక్' అన్నారు. మనం కోడ్ రీయూజ్ అని పవర్‌పాయింట్లలో గొప్పగా చెప్పుకునేది ఇదే. ఆశ్చర్యం, కోపం లాంటివి వస్తే కదలిక మొత్తం ఆపేసి, కళ్ళ మీదకి కెమెరా తోసి, మ్యూజిక్ పెంచారు.

ఇదంతా టెజుకా కనిపెట్టాడనుకోకండి. అమెరికాలో యూపీఏ స్టూడియో 1950 నాటికే తక్కువ కదలికతో బొమ్మలు తీసింది, అదీ కళ కోసం కావాలని. హానా-బార్బెరా వాళ్ళు అదే పద్ధతిని టీవీ ఖర్చుకి సరిపెట్టారు. 'ఫ్లింట్‌స్టోన్స్' 1960 నాటిది. కాకపోతే వాళ్ళది హాస్యం, డైలాగు మీద నడిచిపోతుంది. టెజుకా అదే కరువు సామానుతో ఏడిపించే కథలు చెప్పాడు. ఆటమ్‌ని తయారుచేసిన వాడే వాడిని వద్దనుకుంటాడు. చివరి ఎపిసోడ్లో భూమిని కాపాడ్డానికి సూర్యుడిలోకి దూసుకుపోతాడు. బొమ్మ ఆగిపోయిందని చూసేవాళ్ళకి అనిపించలేదు, పాత్ర నిశ్చేష్టమైందనిపించింది. నా ఉద్దేశంలో తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అమెరికాలో ముందు గొంతులు రికార్డు చేసి, ఆ మాటల విరుపుకి తగ్గట్టు చేతులూ పెదాలూ గీస్తారు. జపాన్లో ఎక్కువగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. ఏ అక్షరం దగ్గర నటుడు ఊపిరి తీసుకుంటాడో బొమ్మ గీసేవాడికి తెలీదు. అందుకని సైగలు మాటతోపాటు పారవు. మాటకి ముందో వెనకో ఫుల్‌స్టాప్ పెట్టినట్టు పడతాయి. వేలు చూపించి ఆగడం, తల తిప్పి ఆగడం, పిడికిలి బిగించి ఆగడం. 1988లో 'అకిరా' సినిమాకి గొంతులు ముందే రికార్డు చేశారు. ఆ సినిమాలో మాట్లాడేవాళ్ళని, ఏదైనా టీవీ సిరీస్‌లో మాట్లాడేవాళ్ళని పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది.

"అదేం కాదు, ఇదంతా కబుకి నాటకం నుంచి వచ్చింది" అనేవాళ్ళున్నారు. కబుకిలో 'మియె' అని ఉంది. కథ పతాకస్థాయికి చేరినప్పుడు నటుడు కళ్ళు మెల్ల పెట్టి ఒక భంగిమలో బిగుసుకుపోతాడు, పక్కన చెక్కలు టకటకా కొడతారు. వీధుల్లో సైకిల్ మీద అట్టబొమ్మలు పెట్టుకుని, పిల్లలకి మిఠాయిలమ్ముతూ కథ చెప్పే 'కమిషిబాయ్' కూడా ఉండేది. టీవీ వచ్చిన కొత్తలో దాన్ని కరెంటు కమిషిబాయ్ అని వెక్కిరించారు కూడా. ఈ వాదన నాకు సగమే నచ్చుతుంది. సంస్కృతే కారణమైతే 'హకుజాడెన్' అంత ధారాళంగా ఎందుకు కదిలింది? అవసరం డబ్బు వల్ల వచ్చింది. ఆగిన బొమ్మలో కథ చూడ్డం అలవాటున్న జనం ఉండబట్టి ఆ అవసరం గట్టెక్కింది. మాంగా చదివి పెరిగిన పిల్లలకి నుదుటి మీద చెమట బొట్టు, కణత దగ్గర ఉబ్బిన నరం గుర్తు చూపిస్తే చాలు, మొహమంతా కదపక్కర్లేదు.

ఆ తర్వాతి తరం ఈ కొరతని కావాలని వాడుకుంది. ముషిలోనే పని నేర్చుకున్న దెజాకి ఒసాము 1970లో 'అషితా నో జో' తీశాడు, బాక్సింగ్ కథ. ఆయన పద్ధతిలో ఘట్టం ముదిరినప్పుడు బొమ్మ ఆగి, రంగులద్దిన పెయింటింగులా మారిపోతుంది. ఖర్చు తగ్గించడానికి కాదు, ఆ క్షణాన్ని మనసులో అచ్చు వెయ్యడానికి. కనాడా యోషినోరి ఇంకో దారి పట్టాడు. రెండు భంగిమల మధ్య గీయాల్సిన బొమ్మలు ఎగరగొట్టేసి, వంకర టింకర భంగిమలో ఒక్క క్షణం నిలబెట్టి, మళ్ళీ ఝామ్మని దూకించేవాడు. ఉన్న కొద్ది బొమ్మల్ని సమానంగా పంచకుండా ఒకచోట పోగేసి ఇంకోచోట ఎండగట్టడం. మా మేనల్లుడు చూపించిన సినిమాలో ఆ సుడిగుండం, ఆ బిగుసుకుపోవడం రెండూ ఈ లెక్కకి వారసులే.

ఇహ నన్ను కెలికిన సంగతి. ఆటమ్ మొదటి ఎపిసోడ్ 1963 జనవరి 1న ఫుజీ టీవీలో వచ్చింది. ఎపిసోడ్‌కి టెజుకా అడిగిన ధరగా చరిత్రలో స్థిరపడిన అంకె 5,50,000 యెన్‌లు. అసలు ఖర్చుకి అది చాలదని ఆయనకి తెలుసు. స్పాన్సర్ నిజానికి అంతకన్నా ఎక్కువే ఇచ్చాడని తర్వాతి పరిశోధకులు అంటారు గానీ, ధర తక్కువ అన్న సంగతి మాత్రం మారలేదు. నష్టాన్ని బొమ్మల హక్కులతో, మాంగా సంపాదనతో పూడ్చుకోవచ్చనుకున్నాడు. చాక్లెట్ డబ్బాలో ఆటమ్ స్టిక్కర్లు పెట్టి మేజీ సేకా కంపెనీ తెగ అమ్ముకుంది. 1964లో ప్రేక్షకుల రేటింగ్ 40 శాతం దాటింది. 193 ఎపిసోడ్లు నడిచింది. అయినా ముషి ప్రొడక్షన్ 1973లో దివాళా తీసింది.

నా కెరీర్ తొలిరోజుల్లో ఒక ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్ట్ చేశాను. క్లయింటు చెయ్యి జారకూడదని మా పైవాళ్ళు సగం రేటు కోట్ చేశారు. ఆ తేడా మా శనివారాల్లోంచి వచ్చింది. అంతకన్నా ఘోరం, తర్వాతి ప్రాజెక్టుకి క్లయింటు ఆ రేటునే మార్కెట్ రేటు అన్నాడు. మియాజాకి హయావో కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. 1989లో టెజుకా పోయినప్పుడు అందరూ పొగుడుతుంటే, ఆయన ఆటమ్‌ని చవగ్గా ఒప్పుకోవడం వల్లే ఆనిమేషన్ ఖర్చు ఎప్పటికీ తక్కువగా ఉండిపోయిందని అన్నాడు. చనిపోయిన మనిషి మీద కొంచెం కఠినమే. కానీ 1963లో తోయెలో చేరి, అక్కడ యూనియన్‌లో పనిచేసిన మనిషికి ఆ హక్కుందనిపిస్తుంది. టెజుకా వైపు నుంచి చూస్తే, ఆ ధర చెప్పకపోతే టీవీ వాళ్ళు అసలు వినేవాళ్ళే కాదు. ముషి నుంచి బయటికొచ్చిన వాళ్ళే 1972లో మ్యాడ్‌హౌస్, సన్‌రైజ్ పెట్టారు. అవి లేని ఆనిమే ఊహించుకోండి. నేను మాత్రం ఎవరి వైపూ పూర్తిగా మొగ్గలేకపోతున్నాను.

అన్నట్టు పని తర్వాత కొరియాకి, ఫిలిప్పీన్స్‌కి ఆఫ్‌షోర్ అయింది, ఇది మనకి వివరించక్కర్లేదు. జపాన్ ఆనిమేటర్ల సంఘం జానికా 2015లో బయటపెట్టిన సర్వేలో, రెండు భంగిమల మధ్య బొమ్మలు గీసేవాళ్ళ సగటు సంవత్సరాదాయం 11 లక్షల యెన్‌ల చుట్టూ ఉంది. నెలకి లక్ష కూడా నిండదు. చాలామందికి జీతం కాదు, బొమ్మకి ఇంత అని లెక్క.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, మా మేనల్లుడు ఇంటర్ తర్వాత ఆనిమేషన్ కోర్సు చేస్తానంటున్నాడు. "నువ్వే చెప్పరా వాడికి" అని అక్క ఫోన్ చేసింది. టెజుకా కథ, మియాజాకి కోపం, జానికా లెక్క అన్నీ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, టాబ్‌లో గీసిన పది సెకన్ల క్లిప్ ఒకటి చూపించాడు. ఒక పిల్ల వెనక్కి తిరిగి చూసి ఆగిపోతుంది, జడ మాత్రం ఊగుతుంది.

"ఇక్కడ ఎందుకాపేశావురా, ఓపిక లేకా?"

"ఇక్కడ ఆపాలి మావయ్యా" అన్నాడు. కాస్సేపాగి, "అయితే చేరేముందు బొమ్మకెంతో అడుగుతాలే."